కొండల్లో ఎయిర్‌బేస్ మూతపడిందంటే: అపోహలు, వాస్తవాలు

"సార్, తజికిస్తాన్‌లో మన ఎయిర్‌బేస్ నుంచి మనోళ్ళని తరిమేసినారంట గదా?"

తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్‌లో తెల్లవారుజామున అగ్నివీర్ పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు నన్ను అడిగిన మాట ఇది. తజికిస్తాన్‌లోని ఐనీ ఎయిర్‌ఫీల్డ్‌ని మనం ఖాళీ చేశామన్న వార్త 2025 అక్టోబరు చివర్లో వచ్చింది మొదలు ఇదే ప్రశ్న. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఐనీ మన సొంత బేస్. అక్కడ మన ఫైటర్ స్క్వాడ్రన్లు ఉండేవి.

వాస్తవం: ఆ నేల మొదటినుంచీ తజికిస్తాన్‌దే. రాజధాని దుషాంబేకి పడమటి పక్కన ఉన్న సోవియట్ కాలపు ఎయిర్‌ఫీల్డ్ అది. పాడుబడి ఉంటే మనవాళ్ళు రన్‌వేని 3,200 మీటర్లకు పొడిగించి, హ్యాంగర్లు (విమానాలు నిలిపే షెడ్లు) కట్టారు. ఫైటర్ స్క్వాడ్రన్ ఏదీ అక్కడ శాశ్వతంగా మకాం పెట్టలేదు. చాలామంది దీన్ని తజికిస్తాన్‌లోనే ఉన్న ఫర్ఖోర్‌తో కలిపేస్తారు. మన ఆసుపత్రి నడిచింది ఫర్ఖోర్‌లో, అది వేరే ఊరు.

అపోహ: తరిమేశారు.

వాస్తవం: ఒప్పందం 2022లో ముగిసింది, ఎయిర్‌ఫీల్డ్‌ని వాళ్ళకు అప్పగించేశాం అని మన విదేశాంగ శాఖే చెప్పింది. పొమ్మనడం ఎలా ఉంటుందో చూడాలంటే కిర్గిజ్‌స్తాన్‌లో అమెరికా వాడుకున్న మనాస్ బేస్‌ని చూడండి. 2013లో అక్కడి పార్లమెంటు ఓటేసింది, 2014 జూన్‌లో అమెరికా ఖాళీ చేసింది.

అలాగని పోయిందేమీ లేదని నేననను. తజికిస్తాన్‌కీ, పాక్ ఆక్రమిత కశ్మీర్‌కీ మధ్య ఉన్న ఆఫ్ఘనిస్తాన్ నేల, వాఖాన్ పట్టీ, కొన్నిచోట్ల ఇరవై కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయినప్పుడు మన సీ-130జే రవాణా విమానం 87 మందిని ముందు తజికిస్తాన్‌కే చేర్చింది. అవసరానికి దిగే చోటు ఒకటి ఉండటం ఎంత విలువో అక్కడ చిక్కుకున్నవాళ్ళని అడగాలి.

అపోహ: కొండమీద బేస్ ఉంటే సగం ఎత్తు ఎక్కేసినట్టే, విమానానికి సులువు.

వాస్తవం: పూర్తిగా తలకిందులు. రేణిగుంట రన్‌వే సముద్రమట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తులో ఉంది. లద్దాఖ్‌లోని లేహ్ 3,256 మీటర్లు, అంటే మన హార్స్‌లీ కొండకు రెండున్నర రెట్లు. అక్కడి గాలి రేణిగుంట గాలికంటే నాలుగో వంతుకు పైగా పలచన. ఇంజిన్‌కు అందే గాలి తక్కువ, రెక్కకు దొరికే ఆసరా తక్కువ. అదే విమానం ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి, బరువు తగ్గించుకోవాలి. ఎండెక్కితే గాలి ఇంకా పలచబడుతుంది. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే నడవడానికి ఇదొక కారణం. ఐనీ లోయలో ఉంది, లేహ్ అంత ఎత్తు కాదు గానీ ఎండాకాలం మన తిరుపతిలాగే కాలుతుంది. అక్కడ బరువైన విమానం లేవాలంటే పొడవాటి రన్‌వే కావాల్సిందే.

అపోహ: బేస్ మూయడమంటే గేటుకు తాళం వేసి రావడం. కావాలంటే రేపు తెరుచుకోవచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించే మాట ఇది. బేస్ అంటే కాంక్రీటు ఒక్కటే అనుకుంటారు. మేం పొద్దున్నే రన్‌వేకి అడ్డంగా వరసకట్టి, తలలు వంచి, అడుగులో అడుగేసుకుంటూ నడిచేవాళ్ళం. రాయి, మేకు, తీగముక్క, ఏది కనబడినా ఏరి సంచిలో వేసుకోవాలి. చిటికెనవేలి గోరంత కంకరరాయి చాలు, ఇంజిన్ లోపలికి లాగితే బ్లేడు నొక్కుకుపోతుంది. చలికి వేళ్ళు కొయ్యబారినా ఈ పని ఆగేది కాదు. ఇంధనమూ అంతే. బౌజర్ (ఇంధనం తెచ్చే ట్యాంకర్ లారీ) నుంచి గాజు జారులోకి కొంచెం పట్టి, వెలుతురుకెత్తి చూస్తాం. అడుగున ముత్యమంత నీటిబొట్టు కనబడినా ఆ బౌజర్ విమానం దగ్గరికి పోదు.

ఈ చేతులు ఒక్క సీజను ఆగితే రన్‌వే పగుళ్ళలో గడ్డి లేస్తుంది. మంచు కరిగిన నీళ్ళు దిగి, రాత్రికి మళ్ళీ గడ్డకట్టి పగులును ఇంకా విప్పుతాయి. ట్యాంకుల అడుగున నీరు చేరుతుంది.

అపోహ: ఒకసారి మూస్తే ఇక అంతే.

వాస్తవం: అదీ కాదు. లద్దాఖ్‌లో 5,065 మీటర్ల ఎత్తున దౌలత్ బేగ్ ఓల్డీ అనే ఎయిర్‌స్ట్రిప్ ఉంది. 1962లో మొదలై, మూడేళ్ళకే విమానాలు ఆగిపోయాయి. 2008 మే 31న మన ఏఎన్-32 రవాణా విమానం మళ్ళీ అక్కడ దిగింది. 43 ఏళ్ళుగా ఎవరూ వరసకట్టి రాళ్ళు ఏరని మట్టినేల మీద.