మళ్లీ మళ్లీ పూసే ముద్ద డే లిల్లీ: అపోహలు - వాస్తవాలు

డే లిల్లీలను పెంచి, పిలకలు విడదీసి ఇతరులకు ఇచ్చే పనిలో ఉన్నందువల్ల నా దగ్గరకు తరచుగా రెండు ఫిర్యాదులు వస్తుంటాయి. ముద్ద రకమని తెచ్చుకున్న మొక్క ఒంటిరేకు పూలు పూసిందన్నది మొదటిది. మళ్లీ మళ్లీ పూస్తుందన్న మొక్క ఒక్క విడతతో ఆగిపోయిందన్నది రెండోది. చాలా సందర్భాల్లో మొక్క లోపమేమీ ఉండదు. ముద్దగా పూయడం, మళ్లీ పూయడం అనే రెండు గుణాలూ ఆ రకానికి పుట్టుకతో వచ్చినవే అయినా, అవి ఏ మేరకు బయటపడతాయన్నది వాతావరణం, నీరు, మొక్క బలం నిర్ణయిస్తాయి.

అపోహ: ఇది లిల్లీ జాతి మొక్క కాబట్టి దుంపను లోతుగా పాతాలి.

వాస్తవం: అసలైన లిల్లీలు లీలియం ప్రజాతికి చెందినవి; వాటికి పొరలు పొరలుగా ఉండే దుంప ఉంటుంది. డే లిల్లీ తూర్పు ఆసియాకు చెందిన హెమెరోకాలిస్ ప్రజాతి మొక్క. దీనికి అటువంటి దుంప ఉండదు. కండగల వేర్లు, వాటిపై విసనకర్రలా విచ్చుకునే ఆకుల వరుస, ఆ రెండూ కలిసే చోట తెల్లని మొదలు మాత్రమే ఉంటాయి. ఆ మొదలు మట్టికి 2.5 సెంటీమీటర్ల కంటే లోతున ఉంటే మొక్క బతికినా పూత తగ్గుతుంది, వేడి, తేమ కలిసిన రోజుల్లో కుళ్లే ప్రమాదమూ పెరుగుతుంది. పిలకల మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్ల ఎడం, నీరు నిలవని నేల, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ముదురు ఎరుపు, ఊదా రంగు పూలు తీవ్రమైన మధ్యాహ్నపు ఎండకు వెలిసిపోతాయి కనుక వాటికి ఆ వేళ కాస్త నీడ దొరికే చోటు మంచిది.

అపోహ: పువ్వు ఒక్కరోజే ఉంటుంది కాబట్టి తోట బోసిపోతుంది.

వాస్తవం: ఒక్కో పువ్వు ఒక్కరోజే ఉండేమాట నిజమే. కానీ ఒక్కో పూలకాడ మీద అనేక మొగ్గలు ఒకదాని తర్వాత ఒకటి విచ్చుకుంటాయి, ఒక గుబురులో అలాంటి కాడలు ఎన్నో వస్తాయి. వాడిన ముద్ద పూలు మాత్రం ఒంటిరేకు పూలలా తేలికగా రాలిపోక, తడిసిన గుడ్డపీలికల్లా పక్క మొగ్గలకు అంటుకుంటాయి. వాటిని రోజూ తుంచేయడం తప్పదు.

అపోహ: మళ్లీ పూసే రకమంటే ఏడాది పొడవునా పూస్తుంది, వాడిన పూలు తుంచితే చాలు.

వాస్తవం: ఎక్కువమంది నిరాశ పడేది ఇక్కడే. డే లిల్లీలో పూలకాడ రావడంతో ఆ పెరుగుదల కొన పని ముగుస్తుంది. దాని పక్కనున్న మొగ్గ కొత్త ఆకులు వేసి, తగినంత బలపడిన తర్వాతే మరో కాడ పంపగలదు. మళ్లీ పూసే రకాలలో ఈ బలపడటం త్వరగా జరిగి, అదే పెరుగుదల కాలంలో రెండో విడత వస్తుంది. రెండు విడతల మధ్య విరామం ఉండటం సహజం. వెచ్చని కాలం దీర్ఘంగా ఉండే చోట రెండు మూడు విడతలు పూసే రకమే, త్వరగా చలి ముంచుకొచ్చే చోట ఒక్క విడతతో సరిపెట్టుకోవచ్చు. కాయలు కట్టకుండా చూడటం మొక్క శక్తిని కొంత ఆదా చేస్తుంది. అయితే రెండో విడతను ఎక్కువగా ప్రభావితం చేసేది మొదటి పూత ముగిసిన వెంటనే అందే నీరు, మితమైన పోషణ అని నా అభిప్రాయం. వారానికి సుమారు 2.5 సెంటీమీటర్ల వానకు సమానమైన నీరు వేరు లోతుకు దిగేలా పెట్టి, కంపోస్టు వేస్తే మంచిది. నత్రజని మరీ ఎక్కువైతే ఆకులు ఏపుగా పెరిగి పూత వెనకబడుతుంది. పూత ముగిసిందని పచ్చని ఆకులను మొదలంటా కోసే అలవాటు మాత్రం మానుకోవాలి, ఎందుకంటే తర్వాతి కాడకు ఆహారం తయారు చేసేది ఆ ఆకులే. ఎండిన కాడలను, పసుపుబారిన ఆకులను తీసేస్తే సరిపోతుంది.

మళ్లీ పూసే రకాలకు విస్తృతమైన పేరు తెచ్చింది 1975లో నమోదైన స్టెల్లా డి ఓరో అనే పసుపు పూల పొట్టి రకం. దానికి 1985లో, డే లిల్లీ రకాలకు అమెరికాలో ఇచ్చే అత్యున్నత పురస్కారమైన స్టౌట్ సిల్వర్ మెడల్ లభించింది. అది ఒంటిరేకు రకం. ముద్ద రకాల్లో బెట్టీ వుడ్స్ 1991లో, సైలోమ్ డబుల్ క్లాసిక్ 1993లో అదే పతకాన్ని పొందాయి. ముద్దగా పూయడం, మళ్లీ పూయడం వేర్వేరు గుణాలు కనుక ముద్ద పువ్వు ఉన్నంత మాత్రాన మళ్లీ పూస్తుందని గానీ, మళ్లీ పూసినంత మాత్రాన స్టెల్లా అంత తరచుగా పూస్తుందని గానీ అనుకోకూడదు; కొనే ముందు ఆ రెండు గుణాలనూ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

అపోహ: ముద్ద రకం ఒంటిరేకు పూస్తే అమ్మినవారు మోసం చేసినట్టే.

వాస్తవం: సాధారణ డే లిల్లీ పువ్వుకు రెండు వరుసల్లో ఆరు రేకులు, ఆరు కేసరాలు ఉంటాయి. కేసరాలు రేకుల్లా మారినప్పుడు పియోనీ (ఒత్తుగా రేకులుండే ఒక పువ్వు) తరహా ముద్ద పువ్వు ఏర్పడుతుంది. అదనపు రేకుల వరుసలు వచ్చినప్పుడు పువ్వులో పువ్వు అమర్చినట్టు కనిపిస్తుంది. ఈ మార్పు మొగ్గ రూపుదిద్దుకునే దశలో జరుగుతుంది కనుక, అప్పటి చలి గానీ మొక్క బలహీనత గానీ దానిని అడ్డుకోగలవు. సీజన్ ఆరంభంలో చల్లని రోజుల్లో విచ్చిన పూలు ఒంటిరేకుగా వచ్చి, వేడి పెరిగాక అదే కాడ మీద ముద్ద పూలు రావడం చాలా రకాల్లో కనిపిస్తుంది. కొత్తగా నాటిన పిలక మొదటి పూత చూసి తీర్పు చెప్పడం తొందరపాటు. కొత్త రకాలను నమోదు చేసేటప్పుడు నూటికి ఎన్ని పూలు ముద్దగా వస్తాయో కూడా పేర్కొనే పద్ధతి ఉన్నదంటే, ఈ అస్థిరత్వం పెంపకందారులకు తెలిసిన విషయమే.

అపోహ: ముద్ద పూలు గొడ్డుపూలు, ఒకవేళ విత్తనం కట్టినా అదే పువ్వు వస్తుంది.

వాస్తవం: రెండు భాగాలూ పొరపాటే. క్వాన్సో అనే పాత నారింజ ముద్ద రకానికి మామూలుగా ఉండే రెండు సెట్లకు బదులు మూడు సెట్ల క్రోమోజోములుండటం వల్ల అది విత్తనం కట్టదు. ఈ నమ్మకం బహుశా దాని నుంచే వచ్చింది. ఆధునిక ముద్ద రకాల్లో రేకులుగా మారిన కేసరాల అంచున తరచుగా పుప్పొడి మిగిలి ఉంటుంది, అది పరాగసంపర్కానికి పనికొస్తుంది. అయితే విత్తనపు మొక్క తల్లిని పోలి ఉండదు, సాధారణంగా రెండు మూడేళ్లకు గానీ పూయదు. అచ్చంగా అదే రకం కావాలంటే మూడు నుంచి ఐదేళ్లకోసారి గుబురును విడదీయాలి, లేదా పూలకాడ కణుపు వద్ద వచ్చే చిన్న పిలకను వేరు పట్టించాలి. మండువేసవిలో విడదీస్తే కోతల గుండా కుళ్లు సోకే అవకాశం ఉంది.

అపోహ: డే లిల్లీకి చలికాలం అవసరమే లేదు, తెగుళ్లు రావు.

వాస్తవం: చలికాలంలో ఆకులు పూర్తిగా ఎండి నిద్రాణస్థితిలోకి వెళ్లే రకాలలో కొన్ని, చలి లేని ప్రాంతాల్లో ఏటా క్షీణిస్తాయి, అక్కడ సతతహరిత రకాలు నయం. ఆకును వేళ్లతో రుద్దినప్పుడు నారింజ రంగు పొడి అంటితే అది తుప్పు తెగులు. అలాంటి ఆకులను కోసి తోటకు దూరంగా పారేయాలి. పేనుబంక, తామర పురుగులు, నల్లి కూడా వస్తాయి, తామర పురుగు ఆశించిన మొగ్గలు వంకరపోతాయి.

అపోహ: ఇది అసలైన లిల్లీ కాదు కనుక పిల్లులకు హాని లేదు.

వాస్తవం: ఈ ఒక్క విషయంలో వృక్షశాస్త్ర వర్గీకరణ ఎవరినీ కాపాడదు. డే లిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి, ఏ భాగం తిన్నా పిల్లి మూత్రపిండాలు విఫలం కావచ్చు. ఒంటిమీద పడిన పుప్పొడిని నాకడం కూడా ప్రమాదకరమే. పిల్లి తిన్నట్టు అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లాలి. పిల్లి స్వేచ్ఛగా తిరిగే ఇంటివారు ఈ మొక్క అడిగితే నేను వేరే మొక్క సూచిస్తాను.