ఆరుద్ర ఎందుకు మసకబారింది?

ఆరుద్ర కార్తె అనగానే గుంటూరు పల్లెల్లో తొలకరి తడి, ఎర్రటి ఆరుద్ర పురుగు గుర్తొస్తాయి. ఆ కార్తెకు పేరిచ్చిన నక్షత్రం మాత్రం ఆ రోజుల్లో సూర్యుడి చాటున ఉండి కనిపించదు. చూడాలంటే చలికాలం రావాలి. 2020 ఫిబ్రవరిలో డాబా ఎక్కి చూసినవారికి అది రోహిణి ముందు వెలవెలబోయి కనిపించింది. మామూలుగా ఆరుద్రదే పైచేయి. అప్పటికి దాని వెలుగులో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిపోయాయి. పేలిపోతుందేమోనని లోకమంతా ఆందోళన పడింది.

నక్షత్రాల వెలుగు మారుతుందన్న సంగతి కొత్తది కాదు. 1596లో ఫాబ్రిషియస్ అనే జర్మన్ మతాచార్యుడు చూసిన ఒక చుక్క కొన్ని వారాల్లోనే మాయమైంది. అది సుమారు 11 నెలలకోసారి తిరిగి వెలుగుతుందని తేలడానికి మరో 40 ఏళ్లకు పైగా పట్టింది. దాన్నే ఇప్పుడు మీరా అంటున్నాం. అదే తరహా నక్షత్రాన్ని 1867లో మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి కనిపెట్టారు. మన పిల్లలకు తప్పక చెప్పవలసిన పేరు ఇది.

ఈ నక్షత్రాలు ఉబ్బుతాయి, కుంచించుకుపోతాయి. ఉడుకుతున్న అన్నపు గిన్నె మీద మూతను తలచుకోండి. ఆవిరి పోగై మూతను లేపుతుంది, బయటికి పోగానే మూత దిగుతుంది. నక్షత్రంలోనూ ఒక వాయు పొర వేడిని పట్టి ఉంచి, వదులుతూ ఉంటుంది. లోపలి పదార్థం ఎంత పలచనైతే ఆ ఊపు అంత నెమ్మది. కంటికి అందని లోపలి సాంద్రతను ఈ లయే చెబుతుంది.

ఆ లయ దూరాన్ని కూడా చెబుతుందని అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హెన్రియెట్టా లీవిట్ చూపారు. మన పాలపుంత పొరుగున ఉన్న చిన్న నక్షత్రలోకం, చిన్న మెజెల్లానిక్ మేఘం. అందులో ఇలాగే లయగా ఉబ్బి కుంచించుకుపోయే 25 సెఫీడ్ నక్షత్రాలను పరిశీలించి, లయ నెమ్మదించేకొద్దీ అసలు కాంతి ఎక్కువని 1912లో ప్రకటించారు. అసలు కాంతి తెలిస్తే, మనకు ఎంత మసకగా కనిపిస్తోందో చూసి దూరం లెక్కగట్టవచ్చు. ఆండ్రోమెడా మన పాలపుంతకు బయట ఉన్న మరో నక్షత్రలోకమని ఖగోళ శాస్త్రవేత్త హబుల్ తేల్చింది 1923లో అక్కడ దొరికిన ఒక సెఫీడ్ ఆధారంగానే. అప్పటికే లీవిట్ కన్నుమూసి రెండేళ్లు కావస్తోంది.

ఆరుద్రకు సుమారు 400 రోజుల లయ ఉంది, ఆరేళ్లకు దగ్గరైన మరొకటీ ఉంది. 2020 నాటి మసక ఆ లయలకు మించినది. నక్షత్రం విసిరిన వాయువు చల్లబడి ధూళిగా మారి, దాని దక్షిణ భాగాన్ని కప్పిందని తరువాతి పరిశీలనల్లో తెలిసింది. వేసవికల్లా వెలుగు తిరిగొచ్చింది. ఇప్పటికీ ఆరుద్ర వెలుగును రోహిణితో పోల్చి, తేదీ వేసి రాసుకోవచ్చు. గుంటూరు వీధిదీపాల మధ్య కూడా ఆ రెండు చుక్కలూ కనిపిస్తాయి.