మైగ్రేన్‌కి సైకాలజిస్టేంటి? నా గదిలో రోజూ వినే అపోహలు

న్యూరాలజిస్టు రాసిచ్చిన చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కూర్చోకముందే అలిగి ఉంటారు. "అంటే నొప్పి నేను ఊహించుకుంటున్నాననా మేడమ్?" పక్కన అత్తగారుంటే ఇంకో మాట కలుస్తుంది: "దాని మీద ధ్యాస పెట్టకపోతే అదే పోతుందని నేను ముందునుంచీ చెప్తూనే ఉన్నా."

అపోహ: సైకాలజిస్టు దగ్గరికి పంపారంటే నొప్పి ఉత్తుత్తిదే

కాదు. మైగ్రేన్ నాడీ వ్యవస్థ జబ్బు. ముఖానికీ మెదడు పొరలకీ స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నాడి, అక్కడ విడుదలయ్యే సీజీఆర్‌పీ అనే రసాయనం, ఇవి ఎవరి ఊహలూ కావు. నెలలో 15 రోజులు, అంతకు మించి తలనొప్పి, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలు, ఇది మూడు నెలలు దాటి సాగితే క్రానిక్ మైగ్రేన్ అంటాం. అలాంటి తలకి నిద్ర చెడినా, భోజనం తప్పినా, "రేపు మళ్లీ వస్తుందేమో" అని భయపడ్డా అగ్నికి ఆజ్యం పోసినట్టే. నా పని ఆ ఆజ్యం దగ్గర. షుగర్ ఉన్నాయన్ని రోజూ నడవమంటే, నీ షుగర్ అబద్ధం అన్నట్టా?

అపోహ: థెరపీ అంటే కూర్చోబెట్టి కష్టాలు చెప్పించుకోవడం

కొంత మాట్లాడుకుంటాం, నిజమే. కానీ మొదటి వారాల్లో నేను చేసేది చాలా మొరటు పని. చూపుడువేలికి చిన్న సెన్సర్ టేపుతో అంటిస్తాను, తెరమీద వేలి వేడి ఎంతో అంకె కనబడుతుంది. టెన్షన్‌లో ఉన్న మనిషికి వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, చెయ్యి చల్లబడుతుంది, 29 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. భుజాలు వదిలెయ్యమంటాను, దవడ బిగువు సడలించమంటాను, ఊపిరి పొట్టలోకి తీసుకుని నెమ్మదిగా వదలమంటాను. 29.4, 29.9, 31. "పెంచాలి, పెంచాలి" అని పట్టుబట్టారో, అంకె ఠక్కున పడిపోతుంది. నేను పది మాటల్లో చెప్పేది ఆ పడిపోవడం ఒక్కసారే చెప్పేస్తుంది. (మే నెలలో కరెంటు పోతే ఈ విద్య సాగదు, గదే 38 డిగ్రీలుంటుంది.)

దీని పేరు బయోఫీడ్‌బ్యాక్. అమెరికాలో కాన్సాస్‌లోని మెన్నింగర్ ఫౌండేషన్ వాళ్లు 1970ల మొదట్లోనే ఇలా చేతులు వెచ్చబరచడాన్ని మైగ్రేన్ మీద ప్రయత్నించారు. తలలో రక్తం చేతుల్లోకి దిగిపోతుందనుకోకండి, శరీరాన్ని ఉలికిపాటులోంచి కిందికి దించడం నేర్చుకోవడమే ఇందులో సంగతి.

అపోహ: ఇది మొదలుపెడితే మందులు మానెయ్యొచ్చు

నేను మందులు రాయను, ఆపను. ఆ పని డాక్టరుది. 2013లో అమెరికాలో క్రానిక్ మైగ్రేన్ ఉన్న 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు 135 మంది మీద జరిగిన అధ్యయనంలో అందరికీ నొప్పి రాకుండా రోజూ వేసుకునే అమిట్రిప్టిలిన్ మాత్ర ఇచ్చారు. దానికి తోడు ఆలోచనల, అలవాట్ల మీద పనిచేసే సీబీటీ థెరపీ అందినవాళ్లకి నెలకి సగటున 11.5 తలనొప్పి రోజులు తగ్గాయి, దాని బదులు తలనొప్పి గురించి పాఠాలు మాత్రమే విన్నవాళ్లకి 6.8. మందూ థెరపీ కలిస్తేనే ఆ ఫలితం. పెద్దవాళ్ల విషయంలో రుజువులు ఇంత గట్టిగా లేవు, జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2019లో ఆ మాటే చెప్పింది. కాబట్టి గ్యారంటీ ఇచ్చేవాళ్లని నమ్మకండి, అది నేనైనా సరే.

ఇక నొప్పి మాత్రల సంగతి. ఒక టీచరుగారు పాల ప్యాకెట్ల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే మాత్ర వేసుకున్న రోజుల్లో ఎర్ర చుక్క పెట్టి తెచ్చారు. పందొమ్మిది చుక్కలు! ఆవిడకి అప్పటిదాకా లెక్కే తెలీదు. పారాసెటమాల్ లాంటివి నెలకి 15 రోజులు, మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్లనే మందులూ, కెఫీన్ కలిసిన నొప్పి మాత్రలూ అయితే 10 రోజులు, నెలల తరబడి ఇలా సాగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెట్టగలవు. "వస్తుందేమో" అన్న భయంతో ముందే వేసుకునే మాత్ర ఉంది చూశారూ, థెరపీలో ముందు పట్టుకునేది దాన్నే.

అపోహ: నొప్పి రప్పించేవన్నీ మానేస్తే సరిపోతుంది

ఈ తప్పు నేనూ చేశాను. కొత్తల్లో ఒకావిడకి పెద్ద జాబితా రాసిచ్చాను. ఎండ, సాంబ్రాణి పొగ, మైకు, జనం. ఆర్నెల్లకి ఆవిడ పెళ్లిళ్లు మానేసింది, గుడి మానేసింది, కర్టెన్లు వేసుకుని గదిలోనే కూర్చుంది. నొప్పి ఎక్కడికీ పోలేదు, పైగా మామూలు ట్యూబ్‌లైటుకే తట్టుకోలేని స్థితికి వచ్చింది. ఇప్పుడు రెండుగా విడదీస్తాను. నిద్రా తిండీ తప్పకూడదు, కార్తీక సోమవారం ఉపవాసమైనా సరే ఆలోచించుకోవాలి. వెలుతురూ చప్పుడూ లాంటివాటికి కొద్దికొద్దిగా తిరిగి అలవాటు చేస్తాం.

ఇంకోటి, టెన్షన్ పెరిగినప్పుడే నొప్పి వస్తుందనుకుంటారు. అది తగ్గే వేళల్లోనూ వస్తుందని మైగ్రేన్ ఉన్నవాళ్లు రోజూ రాసుకున్న డైరీల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. కూతురి పెళ్లిలో మూడ్రోజులు నిలబడి, అప్పగింతలయ్యాక మర్నాడు పొద్దున మంచం దిగలేని తల్లుల్ని అడగండి.

అపోహ: నొప్పి వచ్చినప్పుడు వస్తే చాలు

వాంతి చేసుకుంటూ ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. నొప్పి లేని రోజు రండి, వారానికోసారి, ఎనిమిది పది వారాలు. హఠాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ పట్టెయ్యడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి, వీటికి మాత్రం నా దగ్గరికి కాదు, ముందు ఆసుపత్రికి.

మొదటిసారి వచ్చేటప్పుడు ఎంఆర్‌ఐ ఫిల్ముల కవరుతోపాటు ఆ పాల లెక్క క్యాలెండర్ కూడా తెచ్చుకోండి, పాత నెలల పేజీలు చింపకుండా.