దామగుండం అడవిలో నౌకాదళానికి ఏం పని?

వికారాబాద్ వైపు నాకు చుట్టరికం ఉంది. పెళ్లికి వెళ్లినా, పెద్దకర్మకు వెళ్లినా విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒకరు అడుగుతారు: “నేవీ సిగ్నల్స్‌లో చేశారు కదా బావగారూ, దామగుండంలో ఆ రాడార్ వస్తే చుట్టుపక్కల ఊళ్లకు క్యాన్సర్ వస్తుందట, నిజమేనా?” టెలిగ్రాఫిస్టుగా ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న చెవులు ఇవి. ఒకే మాట ఇన్నిసార్లు అక్కడ కూడా వినలేదు.

ముందు పేరు సరిచేద్దాం. రాడార్ పని వెతకడం. దామగుండంలో 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేసింది వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు) ప్రసార కేంద్రానికి. అది దేనినీ వెతకదు, నీళ్లలో మునిగి ఉన్న జలాంతర్గామికి కబురు చెబుతుంది. ఆకాశవాణి ప్రసార కేంద్రానికి పెద్దన్న అనుకోండి.

సముద్రం లేనిచోట నౌకాదళమేమిటి, ఇందులో ఏదో మతలబు ఉందనేది ఇంకో మాట. ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. సెల్‌ఫోను తరంగం నాలుగు వేళ్ల లోతు దిగేలోపే చచ్చిపోతుంది. ఉపగ్రహం ఉంది కదా అంటారు. 2013లో వెళ్లిన జీశాట్-7 నౌకాదళానికి వరమే, కానీ దాని మాట వినాలంటే జలాంతర్గామి యాంటెన్నాను నీటిపైకి ఎత్తాలి. ఎత్తితే శత్రువు కంట పడే ప్రమాదం. అదే వీఎల్ఎఫ్‌లో, 18 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవు పదహారు కిలోమీటర్ల పైమాట. అది నీటిలో పదీ ఇరవై మీటర్ల లోతుకు దిగుతుంది, నేల మీద వేల కిలోమీటర్లు పోతుంది. అంత దూరం పోయేదానికి తీరమైతేనేమి, అడవైతేనేమి? తిరునెల్వేలి జిల్లాలో ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే నౌకాదళ కేంద్రం 1990 నుంచి చేస్తున్న పని ఇదే.

ఇక అసలు భయం. ఎక్స్‌రే, గామా కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగలవు. వాటితో జాగ్రత్త అందుకే. రేడియో తరంగానికి ఆ శక్తి లేదు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఆ కాస్తా ఇంకా తగ్గుతుంది. వీఎల్ఎఫ్ ఉన్నది దాదాపు అట్టడుగున, మన జేబులో ఫోనుకన్నా పదివేల రెట్లకు పైగా కిందన. అలాగని వెళ్లి స్తంభాన్ని కౌగిలించుకోమని కాదు. యాంటెన్నాకు మరీ దగ్గరలో విద్యుత్ క్షేత్రం బలంగా ఉంటుంది, అక్కడ ఇనుము ముట్టుకుంటే చేయి కాలవచ్చు. కంచె వేసేది, పనివాళ్లకు నియమాలు పెట్టేది అందుకే. దూరం జరిగేకొద్దీ ఆ బలం గబగబా పడిపోతుంది. స్వీడన్‌లోని గ్రిమెటన్‌లో 1924 నాటి వీఎల్ఎఫ్ కేంద్రం ఉంది, 17.2 కిలోహెర్ట్జ్. ఏడాదిలో ఒకటి రెండు రోజులు ఇప్పటికీ దాన్ని మోగిస్తారు. 2004లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జనం పిల్లలను వెంటబెట్టుకుని చూసి వస్తారు.

పిల్లల గురించి బెంగపడే తల్లిని నేనేమీ అనను. నా చిరాకంతా, తెలియకపోయినా తెలిసినట్టు వాట్సాప్‌లో పంపేవాళ్ల మీద. మా దూరపు బంధువు ఒకాయన ఈ మాట నమ్మి రెండెకరాలు అయినకాడికి అమ్ముకున్నాడు. “రేడియేషన్ ఉన్న భూమి” అంటూ బేరం తెగ్గోసిన ఆసామి ఇప్పుడు అందులో మామిడి మొక్కలు పెట్టాడు.

చెట్ల సంగతి వేరు. సుమారు 2,900 ఎకరాల అటవీభూమి, అదీ మూసీ పుట్టే కొండల దగ్గర. ఎన్ని కొడతారు, బదులుగా ఎక్కడ నాటుతారు, రామలింగేశ్వరుడి గుడికి దారి ఉంటుందా అని గట్టిగా అడగాల్సిందే. క్యాన్సర్ గోలలో ఆ ప్రశ్నలు ఎవరికీ వినపడడం లేదు.

మిగతా అపోహలు చిన్నవి. ఎస్ఓఎస్‌కు ‘మా ప్రాణాలు కాపాడండి’ అని అర్థం లేదు, అది మోర్స్ అనే చుక్కా గీతల సంకేత భాషలో తేలిగ్గా పట్టుబడే గుర్తు మాత్రమే. సిగ్నల్స్ వాళ్లు మూల కూర్చుని కీ నొక్కేవాళ్లు అంటారా? 1946 ఫిబ్రవరి 18న నావికుల సమ్మె మొదలైంది బొంబాయిలోని తల్వార్‌లో, అంటే సిగ్నల్స్ శిక్షణ కేంద్రంలోనే. 1971 యుద్ధంలో విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ పంపినట్టుగా బోలెడు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 రాత్రి విశాఖ దగ్గర మునిగిపోయింది.

జలాంతర్గామి వీఎల్ఎఫ్‌లో జవాబివ్వదు, వింటుంది. వినేది కూడా గొంతు కాదు, నెమ్మదిగా వచ్చే అక్షరాలు. కొడుకు జలాంతర్గామిలో ఉన్న తల్లులకు ఇది చెప్పడం కష్టం. నెల రోజులు ఫోను లేదంటే ఏదో అయిందనుకుంటారు. మౌనంగా ఉండడమే అక్కడ పని. మొన్న విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామిలోకి మనవడిని తీసుకెళ్లాను. అందరూ టార్పెడోల దగ్గర గుమిగూడితే వాడిని రేడియో గది ముందు ఆపి ఇదంతా చెప్పాను. వాడు ఓపిగ్గా విని, “మరి వాళ్లమ్మకు ఎలా ఫోన్ చేస్తారు తాతా?” అన్నాడు.

“పైకి వచ్చాక, రేవు చేరాక” అన్నాను.