సూపర్ కప్‌లో సీటు ఎవరూ అమ్మలేరు: అపోహలు - వాస్తవాలు

కోనసీమలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. ఆట గురించి తల్లిదండ్రులు ఏమడిగినా ఓపికగా చెబుతాను. ఒక్క ప్రశ్న వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. అడిగినవారి మీద కాదు, ఆ మాట వారి చెవిన వేసినవారి మీద. "మాస్టారూ, మావాడికి సూపర్ కప్ సెలెక్షన్ ఇప్పిస్తామంటున్నారు. డబ్బు కట్టమంటారా?" అమలాపురం నుంచి పాలకొల్లు దాకా, వేసవి సెలవులు దగ్గరపడేసరికి ఈ ప్రచారం మొదలవుతుంది.

అపోహ: డబ్బు కడితే సూపర్ కప్‌కు ఎంపిక చేస్తారు.

వాస్తవం: సూపర్ కప్‌కు పిల్లలను ఎంపిక చేసే పద్ధతే లేదు. అది క్లబ్బుల పోటీ. దేశంలో పై అంచె లీగ్ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్), దాని కింది అంచె ఐ-లీగ్ క్లబ్బులు ఆడతాయి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య దగ్గర ఆ క్లబ్బు పేరు మీద నమోదైన ఆటగాడే మైదానంలోకి దిగుతాడు. అందులో జిల్లా జట్టు ఉండదు, రాష్ట్ర జట్టు ఉండదు. మధ్యవర్తి అమ్ముకోవడానికి అక్కడ సీటు ఎక్కడిది?

గత ఏడాది భీమవరం వైపు నుంచి ఒక తండ్రి వచ్చారు. రొయ్యల చెరువు కౌలుకు తీసుకుని సాగు చేసుకునే మనిషి. ఫోనులో ఒక ఉత్తరం చూపించారు. పైన ఒక క్లబ్బు చిహ్నం, కింద ముద్రలో మరో పేరు, మధ్యలో "ఆంధ్రప్రదేశ్ అండర్-16 సూపర్ కప్ జట్టు" అని పెద్ద అక్షరాలు. డబ్బు పంపవలసిన ఖాతా మాత్రం ఎవరో ఒక వ్యక్తిది. అప్పటికే సగం పంపేశారు. మిగతా సగానికి ఇంట్లో గొలుసు తాకట్టు పెట్టబోతూ, మనసొప్పక ఆగారు. ఏ క్లబ్బు తరఫున ఆడతాడని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. పోటీ ఎక్కడంటే భువనేశ్వర్ అన్నారు. నమ్మించింది ఆ మాటే. 2018లో మొదటి సూపర్ కప్ నిజంగానే అక్కడి కళింగ స్టేడియంలో జరిగింది, ఆ తరువాత కూడా పలుమార్లు అక్కడే ఆడారు. మోసగాడు ముందు ఒక నిజం చెప్పి, దాని వెనక అబద్ధాన్ని నడిపిస్తాడు. సామర్లకోటలో రైలెక్కితే నేరుగా చేరుకోగల ఊరు కనుక, పని సగం అయిపోయినట్టే ఆ ఇంటివారికి అనిపించింది.

పిల్లవాడి ఆట చూశాను. ఎడమకాలితో అంచు మీద నుంచి వేసే క్రాస్ చక్కగా గోల్ ముందుకు వస్తుంది. ఆ తండ్రి ఆశపడటంలో ఏ తప్పూ లేదు. ఆశ ఉన్న ఇంటి తలుపే వీళ్లు తడతారు.

అసలు దారులు రెండు. ఒకటి, జిల్లా ఫుట్‌బాల్ సంఘం ద్వారా రాష్ట్ర జట్టుకు, అక్కడి నుంచి జాతీయ పోటీలకు. రెండు, క్లబ్బుల యువ జట్లు. వాటి ట్రయల్స్‌ను క్లబ్బే తన అధికారిక వెబ్‌సైటులో, సోషల్ మీడియా పేజీల్లో ప్రకటిస్తుంది. అక్కడ కనిపించకపోతే క్లబ్బుకే రాసి అడగండి. కొన్నిచోట్ల ట్రయల్‌కు చిన్న ప్రవేశ రుసుము ఉంటుంది, వసతి ఉన్న అకాడమీకి నెలవారీ ఫీజు ఉంటుంది. ఆ డబ్బు శిక్షణకు, తిండికి, వసతికి. జట్టులో చోటుకు కాదు. ఏజెంటునని చెప్పుకునేవాడికి ఫిఫా లైసెన్సు ఉండాలి. మైనర్ తరఫున వ్యవహరించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారమూ ఉండాలి. "అవకాశం ఇప్పిస్తాను, ముందు డబ్బు" అన్నవాడితో మాట అక్కడే ఆపేయండి. వయసు తగ్గించి కొత్త జనన ధ్రువపత్రం తెస్తానంటే మరీ ప్రమాదం. యువ విభాగాల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేస్తారు, దొరికిపోయేది పిల్లవాడే.

అపోహ: సంతోష్ ట్రోఫీ, సూపర్ కప్ ఒకటే.

వాస్తవం: కాదు. 1941లో మొదలైన సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల జట్లది. 1965-66లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాన్ని గెలిచింది. సూపర్ కప్‌కు ముందున్నది 1977లో పుట్టిన ఫెడరేషన్ కప్. 1888 నాటి డ్యూరాండ్ కప్ వేరే పోటీ, అందులో సైనిక జట్లు కూడా ఆడతాయి.

అపోహ: లీగ్ ఉండగా కప్‌కు విలువేముంది?

వాస్తవం: 2024లో కప్ గెలిచిన ఈస్ట్ బెంగాల్‌కు ఆసియా క్లబ్బుల పోటీ అర్హత మ్యాచ్ ఆడే అవకాశం దక్కింది. ఇక ఐ-లీగ్ జట్లు ఓడిపోవడానికే వస్తాయనే వారికి ఒక్క ఫలితం చాలు. 2023 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో, ఐఎస్ఎల్ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను వాళ్ల అభిమానుల ముందే మన తెలుగు నేల ఐ-లీగ్ క్లబ్బు శ్రీనిధి దక్కన్ 2-0తో ఓడించింది. నాకౌట్ పద్ధతా, గ్రూపులా అని వాదించుకోవద్దు. 2023, 2024లో గ్రూపులు పెట్టారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ నాకౌట్‌కు వచ్చారు, అదే ఏడాది అక్టోబరులో తిరిగి గ్రూపులు పెట్టారు.

ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే సిగ్గుపడి దాచకండి. పిల్లవాణ్ని తిట్టకండి. మెసేజ్‌లు, ఉత్తరం, చెల్లింపు వివరాలు దేన్నీ తుడిచేయకుండా ఉంచి, ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయండి. పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మిగతా సగం పంపితేనే మొదటి సగం తిరిగి వస్తుందని వాడు అంటాడు. పంపకండి.