గుండె ఆగినప్పుడు ఎమర్జెన్సీలో ఏం చేస్తాం: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో ఎమర్జెన్సీ డ్యూటీ చేసే ఎవరినైనా అడగండి. గుండె ఆగిన మనిషి చుట్టూ మేం పనిలో ఉంటే తలుపు దగ్గర నుంచి ఒక కేక వినబడి తీరుతుంది: "కరెంటు షాకెట్టండి బాబూ!" అంతా సినిమాల పుణ్యం. మానిటర్ మీద గీత సాపుగా సాగుతుంది, షాకిస్తారు, మనిషి కళ్ళు తెరుస్తాడు.

అపోహ: గీత సాపుగా ఉంటే షాకివ్వాలి.

సాపు గీత అంటే గుండెలో విద్యుత్తే లేదని. అడ్డదిడ్డంగా అదురుతున్న విద్యుత్తును ఒక్కసారి ఆపెయ్యడమే షాక్ చేసే పని. ఆ తర్వాత గుండె తన లయను తనే అందుకోవాలి. అందుకే షాక్ రెండు లయలకే పనికొస్తుంది: వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె కింది గదులు కొట్టుకోకుండా ఊరికే అదరడం), నాడి అందని వెంట్రిక్యులర్ టాకీకార్డియా (ఆ గదులు విపరీతమైన వేగంతో కొట్టుకోవడం). సాపు గీతకైనా, గీత చక్కగా కనిపిస్తూ నాడి అందని పీఈఏకైనా ఛాతీ నొక్కాలి, అడ్రినలిన్ ఇవ్వాలి, కారణం వెతకాలి. కాకపోతే సాపు గీత కనబడగానే ముందు లీడ్లు, అంటే ఒంటి నుంచి మానిటర్‌కి వెళ్ళే తీగలు, చూసుకోవాలి. మన ఉక్కపోతలో చెమటకి ఎలక్ట్రోడ్లు ఊడిపోవడం మామూలే.

అపోహ: ఊపిరి కోసం గొంతులోంచి గొట్టం వేస్తేనే వైద్యం మొదలైనట్టు.

బంధువులే కాదు, కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లూ ఇదే అనుకుంటారు. గొట్టం కోసం ఛాతీ నొక్కడం ఆపేస్తే మెదడుకి రక్తం ఆగిపోతుంది. ముందు బ్యాగ్, మాస్క్ చాలు: 30 సార్లు నొక్కి 2 ఊపిర్లు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. రెండు నిమిషాలకి మనిషి మారాలి. అలిసిపోయినవాడికి తన చేతులు తేలిపోతున్నాయని తెలీదు. షాకిచ్చాక నాడి చూస్తూ నిలబడకూడదు, వెంటనే మళ్ళీ నొక్కాలి.

గొట్టం పడ్డాక ఇంకో గండం ఉంది. బ్యాగ్ పట్టుకున్నవాడు కంగారులో ఎడాపెడా పిసికేస్తాడు. ఆరు సెకన్లకి ఒకటి చాలు. అంతకు మించితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గిపోతుంది. కాప్నోగ్రాఫ్ (బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే యంత్రం) ఉన్నచోట నేను ముఖం కన్నా దాన్నే ఎక్కువ చూస్తాను: గొట్టం సరైన చోట ఉందో లేదో చెబుతుంది, నొక్కేవాళ్ళ పనితనం చెబుతుంది, అంకె ఒక్కసారిగా పైకి లేచిందంటే గుండె తిరిగి కొట్టుకుంటోందని ఆశ పెట్టుకోవచ్చు.

అపోహ: మంచి ఇంజక్షన్ ఒకటి పడితే లేచి కూర్చుంటాడు.

అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము, మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. గుండెలోకి సూది పొడవడం పాత ముచ్చట. నరం దొరక్కపోతే మోకాలి కింద ఎముకలోకి ఇస్తాం. బ్రిటన్‌లో 8,014 మంది మీద చేసి 2018లో వెలువరించిన అధ్యయనంలో 30 రోజుల తర్వాత బతికున్నవాళ్ళు అడ్రినలిన్‌తో 3.2 శాతం, అది లేకుండా 2.4 శాతం. మెదడు బాగా పనిచేస్తూ బయటపడ్డవాళ్ళలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మందు అవసరమే, దాని సత్తువ అంతే. సాపు గీతకి అట్రోపిన్ ఇచ్చే అలవాటును 2010 మార్గదర్శకాలు తీసేశాయి. కొన్ని రకాల పురుగుమందులు తాగినవాళ్ళ సంగతి వేరు, అక్కడ అట్రోపినే ప్రాణం.

అపోహ: డయాలసిస్ మనిషికి గుండె ఆగిందంటే ఇక అంతే.

మన జిల్లాలో అన్నిటికన్నా ముందు తుడిచెయ్యాల్సింది ఇదే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఉంది. ఉద్దానం పేరు చెబితే వైద్యులందరికీ తెలుసు. పండక్కని ఒక డయాలసిస్ మానేసి, తోటలో రెండు బొండాలు తాగితే చాలు, ఒంట్లో పొటాషియం ఎగబాకుతుంది. ఈసీజీలో ‘టీ’ (T) అనే అలలు సూదుల్లా లేస్తాయి, తర్వాత గీత వెడల్పుగా సాగిపోతుంది, ఆపైన గుండె ఆగుతుంది. ఇక్కడ ఎంత నొక్కినా కారణాన్ని పట్టుకోకపోతే ఫలితం లేదు. కాల్షియం వెంటనే పడాలి, ఆ వెనక ఇన్సులిన్ గ్లూకోజుతో, అవసరమైతే సోడాబైకార్బ్. కాల్షియం, బైకార్బ్ ఒకే లైన్లో వెంటవెంట ఇస్తే లోపలే తెల్లగా గడ్డకడతాయి. మధ్యలో సెలైన్‌తో కడగాలి. గుండె తిరిగి అందుకుంటే డయాలసిస్. సరిదిద్దగల కారణం ఉన్నప్పుడు మేం తొందరగా చేతులెత్తెయ్యం.

అపోహ: గురక పెడుతున్నాడు, ఊపిరుంది.

స్పృహ లేకుండా ఆగి ఆగి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు, గుండె ఆగిన గుర్తు. ఆటోలో కూర్చోబెట్టి నీళ్ళు పొయ్యొద్దు. నేల మీద పడుకోబెట్టి నొక్కుతూ 108కి ఫోన్ చెయ్యండి. పక్కటెముకలు విరిగినట్టు చప్పుడు రావచ్చు, ఆపొద్దు.

ఆసుపత్రికి వచ్చాక తలుపు దగ్గర నిలబడేవాళ్ళతో ఒక పని ఉంది. ఆఖరి డయాలసిస్ ఎప్పుడయింది, ఏ పురుగుమందు డబ్బా ఖాళీగా కనబడింది, ఏ మాత్రలు వాడుతున్నాడు, ఏదైనా కుట్టిందా, ఛాతీలో నొప్పన్నాడా, పడిపోయి ఎంతసేపయింది, అప్పటి నుంచి ఎవరైనా నొక్కారా. మనిషితో పాటు ఆ డబ్బా, ఆ మాత్రల అట్టలు కూడా పట్టుకొచ్చి మా సిస్టర్ చేతికివ్వండి.