మందలకు ముహూర్తం ఉండదు: వైల్డ్‌బీస్ట్ వలస సఫారీపై అపోహలు, వాస్తవాలు

తెలుగు కుటుంబాలకు కెన్యా, టాంజానియా సఫారీలు కుదిర్చే పనిలో ఉన్న నాకు ఏటా ఉగాది వెళ్లిన దగ్గర నుంచి వైల్డ్‌బీస్ట్‌ల (ఎద్దును పోలిన పెద్ద జింకల) వలస గురించి ఒకే ప్రశ్నతో ఫోన్లు మొదలవుతాయి: "మందలు నది దాటే తేదీ చెప్పండి, దాన్నిబట్టి టికెట్లు తీసుకుంటాం." కొందరైతే డబ్బంతా కట్టేశాక చేస్తారు. మే నెలలో కెన్యాలోని మసాయి మారాకు వెళ్తున్నామని, క్రాసింగ్ తప్పక చూపిస్తామని మాట ఇచ్చారని, అది నిజమేనా అని అడుగుతారు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, పిల్లలకు ఇచ్చిన మాట ఆ గొంతులో వినిపిస్తుంటే నిజం చెప్పడం ప్రతిసారీ బరువుగానే ఉంటుంది.

వలస అంటే జూలై, ఆగస్టు నెలల్లో మారా నది దగ్గర జరిగే ఒక ఘట్టమని నమ్మడమే మనవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చిపెడుతున్న అపోహ. వాస్తవానికి, సుమారు 13 లక్షలని చాలాకాలంగా లెక్కగడుతున్న వైల్డ్‌బీస్ట్‌లు, వాటి వెంట లక్షల్లో ఉండే జీబ్రాలు, థామ్సన్ గజెల్‌లు (చిన్న జింకలు) టాంజానియాలోని సెరెంగెటీ, కెన్యాలోని మారాల మధ్య ఏడాది పొడవునా మేత వెతుక్కుంటూ తిరుగుతూనే ఉంటాయి. సెరెంగెటీ పార్కు విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు కాగా, మారా రిజర్వ్ దాదాపు 1,510 మాత్రమే. అంటే మందలు ఏడాదిలో ఎక్కువ కాలం టాంజానియా వైపే గడుపుతాయి. డిసెంబరు నుంచి మార్చి వరకు దక్షిణాన ఎన్‌డుటు చుట్టుపక్కల పొట్టి గడ్డి మైదానాల్లో ఉంటాయి. ఏప్రిల్, మే నెలల పెద్ద వానల్లో వాయవ్యానికి కదిలి, మే చివర, జూన్ నెలల్లో పశ్చిమాన గ్రుమెటి నది వైపు చేరతాయి. జూలై నుంచి అక్టోబరు దాకా ఉత్తర సెరెంగెటీలో, మారాలో మేసి, నవంబరులో చిన్న వానలు పడగానే మళ్లీ దక్షిణం పడతాయి. వాన పది రోజులు ముందుపడినా వెనకపడినా ఈ క్రమమంతా ఆ మేరకు ముందుకో వెనక్కో జరుగుతుంది కనుక, నెలను బట్టి ప్రాంతం చెప్పగలం గాని తేదీని బట్టి రేవు చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన సెలవులతో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో, మారాకు వెళ్తే ఆ పెద్ద మందలు సాధారణంగా అక్కడ ఉండవు. దసరా సెలవులు మాత్రం మారాకు, ఉత్తర సెరెంగెటీలోని కొగటెండె ప్రాంతానికి బాగా కలిసివస్తాయి. సంక్రాంతికి వెళ్లేవారు ఎన్‌డుటు వైపు చూసుకోవాలి. అప్పటికి ఈనే కాలం ఇంకా ఊపందుకోకపోయినా మందలు సాధారణంగా అక్కడికి చేరి ఉంటాయి.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో సెప్టెంబరులో ఒక బృందంతో మారా ఒడ్డున ఐదున్నర గంటలు కూర్చున్నాను. అవతలి గట్టు నిండా మంద చేరింది. ముందున్న జీబ్రా ఒకటి నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, తాగి, చెవులు రిక్కించి కదలకుండా నిలబడింది. దాని వెనక వేల గొంతుల మూలుగు, ముక్కు పుటాల్లోకి దూరే ఎర్రటి దుమ్ము. ఏం కనిపించిందో ఏమో, జీబ్రా ఒక్క ఉదుటున వెనక్కి తిరిగింది, మంద మొత్తం గట్టెక్కి పోయింది. మర్నాడు ఉదయం మా బృందం నైరోబీకి బయలుదేరాల్సి ఉంది. దారిలో ఉండగా మా గైడుకు ఫోన్ వచ్చింది, అదే రేవులో పదకొండు గంటలకు మంద దాటిందని. ఆ బృందంలో విజయవాడకు చెందిన ఒక రిటైర్డ్ టీచరు గారు ఉన్నారు. ఆవిడ ఒక్క మాటా అనకుండా కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు. ఒక్క రాత్రి అదనంగా ఉండేలా ముందే చెప్పలేకపోయానన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. నైరోబీ నుంచి మారాకు రోడ్డు మీద ఐదారు గంటల ప్రయాణం కనుక రెండు రాత్రుల ప్యాకేజీలో చేతికి మిగిలేది ఒక్క పూర్తి రోజే. ఆ సొమ్ముతో రెండు దేశాలు చుట్టడం మాని, ఒకే చోట నాలుగు రాత్రులు ఉండమని అప్పటి నుంచి అందరికీ చెబుతున్నాను. క్రాసింగ్‌కు గ్యారంటీ ఇచ్చేవారిని మాత్రం నమ్మకండి.

నది దాటడం చూడకపోతే వలస చూడనట్టే అన్న మాటను కూడా నేను ఒప్పుకోను. ఫిబ్రవరిలో ఎన్‌డుటు మైదానంలో మా జీపుకు ఇరవై గజాల దూరంలో ఒక వైల్డ్‌బీస్ట్ ఈనింది. దూడ తడి ఒంటితో రెండుసార్లు ముందుకు బోర్లాపడి, మూడోసారి వణుకుతూ నిలబడి, పది నిమిషాలు తిరగకముందే తల్లి పొదుగు వెతుక్కుని జున్నుపాలు కుడిచింది. అగ్నిపర్వతాల బూడిద పడిన ఆ నేలలో మొలిచే పొట్టి గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ కాబట్టే పాలిచ్చే తల్లులు అక్కడికి చేరతాయి. ఏడాది మొత్తం దూడల్లో అత్యధికం రెండు మూడు వారాల్లోనే పుడతాయి కనుక హైనాలు, సింహాలు ఎన్నిటిని పట్టినా మిగిలేవే ఎక్కువ.

తక్కినవి క్లుప్తంగా చెబుతాను. నదిలో చనిపోయే వైల్డ్‌బీస్ట్‌లన్నీ మొసళ్లకు చిక్కినవేనన్నది నిజం కాదు. తొక్కిసలాటలో, ప్రవాహంలో మునిగిపోయేవి ఏటా వేలల్లో ఉంటాయి. మారా నుంచి సెరెంగెటీకి పార్కుల గుండా జీపులో నేరుగా వెళ్లవచ్చన్నదీ నిజం కాదు. పర్యాటకులు ఇసెబానియా సరిహద్దు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. చిన్న విమానంలో వెళ్లేవారికి మెత్తటి బ్యాగులో 15 కిలోల వరకే సామాను అనుమతిస్తారు. ఎల్లో ఫీవర్ టీకాను మాత్రం తేలిగ్గా తీసుకోకండి: ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపవచ్చు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది కాబట్టి పాతదే ఉంటే భద్రంగా వెతికి పెట్టుకోండి.

మే నెలకు మారా ఇప్పటికే ఖాయం చేసుకుని కంగారు పడుతున్నవారు వెంటనే రద్దు చేసుకోవద్దు. ముందు దసరాకు తేదీ మార్చగలరా అని, లేదా అవే తేదీలకు మధ్య, పశ్చిమ సెరెంగెటీకి మార్చగలరా అని ఆపరేటరును అడిగి, క్యాంపు పేరు, అది ఉన్న ప్రాంతం రాతపూర్వకంగా తెప్పించుకోండి. రెండూ కుదరకపోయినా వెళ్లండి. మారాలో సింహాలు, ఏనుగులు, చిరుతలు ఏడాది పొడవునా ఉంటాయి, జూన్ దాకా పార్కు రుసుము రోజుకు 200 డాలర్లకు బదులు 100 డాలర్లే ఉంటుంది, జీపుల రద్దీ కూడా తక్కువగా ఉంటుంది. బయలుదేరేముందు, పెద్ద మందలు ఇంకా టాంజానియా వైపే ఉంటాయని పిల్లలకు చెప్పి తీసుకెళ్లండి.